నలభై రెండు మెట్ల కింద ఫోను

ముప్పై ఏళ్లు కంప్యూటర్ల ఉద్యోగం చేశాను. అయినా చిక్కడపల్లిలో మా గల్లీవాళ్ల దృష్టిలో నేను ఫోన్లు బాగుచేసేవాణ్ణే. పొద్దున పాల ప్యాకెట్ కోసం కిందికి దిగితే చాలు, ఎవరో ఒకరు ఫోన్ నా చేతిలో పెట్టి వాట్సాప్ రావడం లేదు, జర చూడమంటారు. చూస్తాను. సగం సార్లు నెట్ ఆఫ్ చేసుకుని ఉంటారు. ఆన్ చేసి ఇస్తే, ఇన్నేళ్ల చదువుకు ఇప్పుడు సార్థకత దొరికిందన్నట్టు నా వైపు చూస్తారు.

నిజానికి నేను చేసింది వేరే పని. నారాయణగూడలో ఒక పెద్ద డయాగ్నొస్టిక్ సెంటర్. రక్త పరీక్షలు, బయాప్సీలు, స్కానింగులు. ఊళ్లో నాలుగు మూలలా శాఖలు. అక్కడి కంప్యూటర్లు, వాటిలో ఉండే రోగుల రిపోర్టులు నా బాధ్యత. ఎవరిని లోపలికి రానివ్వాలి, ఎవరిని గుమ్మంలోనే ఆపాలి అన్నది చూసుకోవడం నా ఉద్యోగం. పోయిన ఏడాది రిటైరయ్యాను.

ఈ మధ్య ఇదే పనిలో చేరిన ఇద్దరు ముగ్గురు పిల్లలు వచ్చి, ఏమేం నేర్చుకోవాలో చెప్పమన్నారు. ఏం నేర్చుకోవాలో వాళ్లకే నాకన్నా బాగా తెలుసు. నేను చెప్పగలిగింది ఎక్కడ తప్పు చేశానన్నది మాత్రమే. అది అడిగేవాళ్లు లేరు కాబట్టి రాసి పెడుతున్నాను.

కుర్చీ వేసుకుని కూర్చోవడం

నా మొదటి ఆఫీసు బషీర్‌బాగ్‌లో. మొదటి బాసు రహమాన్ సాబ్. సన్నగా, ఎప్పుడూ తెల్ల చొక్కాలో ఉండేవారు. కోపం వస్తే అరిచేవారు కాదు, టీ తెప్పించేవారు. ఆయన టీ తెప్పించారంటే మాకు చెమటలు పట్టేవి.

ఆ ఆఫీసులో ఒక గుమాస్తా ఉండేది. ఆమె కంప్యూటర్ రోజూ పొద్దున పదింటికి తాళం పడిపోయేది. తప్పు పాస్‌వర్డు మూడుసార్లు కొడితే అది మూసుకుపోయేట్టు పెట్టింది నేనే. ఆమె మాత్రం తను ఏమీ కొట్టలేదని ఒట్టు పెట్టుకునేది. నేను కీబోర్డు మార్చాను. వైరు మార్చాను. చివరికి ఆమెకు మతిమరుపని తేల్చేసి, ఆ మాటే రహమాన్ సాబ్‌తో అన్నాను. ఆయన టీ తెప్పించారు.

"రేపు తొమ్మిదిన్నరకు పోయి ఆమె పక్కన కుర్సీ ఏస్కొని కూసో. ఏం ముట్టకు. ఏం అడగకు" అన్నారు.

కూర్చున్నాను. పదింటికి హాజరు రిజిస్టరు వచ్చింది. ఆమె బల్ల చిన్నది. రిజిస్టరు పెట్టడానికి చోటు లేక కీబోర్డు మీదే పరిచేది. ఒక్కొక్కరూ వచ్చి మోచెయ్యి ఆనించి సంతకం పెట్టి వెళ్లేవారు. అందరి బరువూ కలిసి ఏవేవో మీటలు నొక్కేది. మూడు తప్పులు పూర్తయ్యేవి, తాళం పడేది. నాకు సిగ్గేసింది. ఆమెకు క్షమాపణ చెప్పి, రిజిస్టరుకు ఒక స్టూలు తెచ్చి వేశాను. ఆ తరువాత ఆ కంప్యూటర్ ఎప్పుడూ మొరాయించలేదు.

పాఠం బాగా ఒంటబట్టిందనుకున్నాను. పాతికేళ్ల పైన గడిచాక మళ్లీ అదే తప్పు చేశాను. ఈసారి పేరు, హోదా, తెల్ల జుట్టు అన్నీ ఉన్నాక చేశాను.

రెండో ప్రశ్న

కరోనా తరువాత మా సెంటర్లో చాలామంది ఇంటి నుంచే పని చేయడం అలవాటు చేసుకున్నారు. డాక్టర్లు ఇంట్లో కూర్చుని స్లైడ్ల బొమ్మలు చూసి, రిపోర్టు నోటితో చెప్పి రికార్డు చేసేవారు. టైపు చేసేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో లోపలికి వచ్చి, ఆ మాటలు విని టైపు చేసేవారు. అలా బయటి నుంచి వచ్చేవాళ్లందరికీ ఒకటే ద్వారం. మేం దాన్ని గేట్‌వే అంటాం. దానికి చాలాకాలం పాస్‌వర్డు ఒక్కటే కాపలా. పాస్‌వర్డు ఎవరికైనా దొరికితే కాపలా లేనట్టే.

అందుకని రెండో ప్రశ్న పెట్టాను. పాస్‌వర్డు కొట్టగానే వాళ్ల ఫోన్‌కు ఒక కబురు వెళ్తుంది: లోపలికి వస్తున్నది మీరేనా? కింద పచ్చ బటన్ అవును, ఎర్ర బటన్ కాదు. అవును అంటేనే తలుపు తెరుచుకుంటుంది. పాస్‌వర్డు దొంగిలించినవాడి దగ్గర మీ ఫోన్ ఉండదు కదా అన్నది దీని వెనక ఉన్న ధైర్యం.

పెద్ద డాక్టర్లు కళ్లజోడు వెతుక్కోవాలి కాబట్టి ఆ ప్రశ్న ఐదు నిమిషాల పాటు ఆగి ఉండేలా పెట్టాను. అంతవరకు మర్యాదగానే ఆలోచించాను. ఆ తరువాత అతి తెలివి మొదలైంది. అరగంటకోసారి మళ్లీ అడగాలని నియమం పెట్టాను. ఎంత ఎక్కువ అడిగితే అంత భద్రమని అప్పట్లో నా నమ్మకం. ఫోన్ ఎవరి చేతికీ ఇవ్వకూడదని ఒక కాగితం తయారుచేసి అందరి చేతా సంతకం పెట్టించాను. ఆ కాగితం ఇంగ్లిష్‌లో ఉంది. ఎవరూ చదవలేదు. చదవరని నాకు తెలుసు.

ఇదంతా పెట్టేటప్పుడు ఒక్కరి పక్కన కూడా కుర్చీ వేసుకుని కూర్చోలేదు.

ఆదివారం

టైపు చేసేవాళ్లలో సంధ్య అనే అమ్మాయి ఉంది. జనగామ దగ్గర పల్లెటూరు. అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉంటూ సర్కారు ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటోంది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఐదింటి దాకా మాకు పని చేసేది. బయాప్సీ రిపోర్టుల్లో ఒక్క అక్షరం పొరపాటు పోనిచ్చేది కాదు. డాక్టర్లు నత్తినత్తిగా చెప్పినా పట్టుకునేది. ఈ పని జీతంతోనే హాస్టల్ ఖర్చు వెళ్లదీసుకుంటోందనీ, ఇంటికి ఫోన్ చేసి అడగడం మానేసిందనీ తరువాత తెలిసింది.

ఒక ఆదివారం పొద్దున నేను మటన్ షాపు ముందు లైన్లో ఉన్నాను. నా ముందు ఏడుగురో ఎనిమిది మందో. ఫోన్‌కు హెచ్చరిక వచ్చింది. సంధ్య పేరుతో ఎవరో గేట్‌వేలోకి వచ్చారు. సంధ్యకు ఆదివారం పని లేదు. పైగా వచ్చింది మన ఊరి నుంచి కాదు, ఎక్కడో దూరదేశపు చిరునామా. మూడుసార్లు ఫోన్‌కు ప్రశ్న వెళ్లింది, జవాబు లేదు. నాలుగోసారి అవును అని వచ్చింది.

వెంటనే సంధ్యకు ఫోన్ చేశాను. ఎత్తింది ఒక పెద్దామె. సంధ్య పనిచేసే సెంటర్ నుంచి అన్నాను.

"పిల్ల పైన పరీక్షల ఉన్నది సార్. ఫికర్ చెయ్యకుండ్రి, పని ఆగలే. నేను పచ్చది నొక్కిన" అంది.

అక్కడే లైన్లో నిలబడి నా ఫోన్‌లోంచే సంధ్య ఖాతా మూసేశాను. లోపలికి వచ్చినవాణ్ణి బయటికి నెట్టాను. నా వంతు ఎప్పుడొచ్చి పోయిందో తెలియదు. కొట్టాయన అరకిలోనా కిలోనా అని రెండుసార్లు అడిగాడట. ఆ రోజు మా ఇంట్లో పప్పుచారే.

అప్పటికప్పుడు ఆఫీసుకు వెళ్లి అంతా చూశాను. వచ్చినవాడు ఒక ఫోల్డరు తెరిచి చూశాడు. ఏదీ బయటికి తీసుకుపోలేకపోయాడు. అదృష్టం, అంతే. నా ప్రతిభ అందులో ఏమీ లేదు.

సోమవారం పొద్దునే పద్మజ మేడం పిలిచారు. ఆ సెంటర్ ఆవిడదే. స్వయంగా పాథాలజిస్టు. కటువుగా మాట్లాడతారు, అన్యాయంగా మాట్లాడరు. విషయం విన్నాక ఆవిడ తీర్పు ఒక్క వాక్యంలో వచ్చింది. ఫోన్ పరాయివాళ్ల చేతిలో పెట్టింది, సంతకం చేసి మరీ పెట్టింది, కాబట్టి ఆ అమ్మాయిని తీసేయమన్నారు. కాగితం మీద చూస్తే తప్పు పట్టడానికి లేదు.

సాయంత్రంలోగా తీసేస్తున్నట్టు ఉత్తరం ఇవ్వాలి. ఎందుకో రహమాన్ సాబ్ తెప్పించే టీ గుర్తొచ్చింది. ఒక్క పూట టైం అడిగి, నడుచుకుంటూ అశోక్‌నగర్ వెళ్లాను.

యాదమ్మ సంచులు

ఆ వీధులు మీకు తెలిసినవే. ఒక మేడకు ఐదు కోచింగ్ సెంటర్ల బోర్డులు, జిరాక్సు షాపు మీద జిరాక్సు షాపు. టిఫిన్ బండి దగ్గర నిలబడి ఇడ్లీ తింటూ ఎడమ చేత్తో నోట్సు తిరగేసే పిల్లలు. సంధ్య చదువుకునేది ఆడపిల్లల స్టడీ హాల్. రెండో అంతస్తులో ఉంది. కింద గుమ్మం పక్కన ఒక బల్ల, బల్ల వెనక గోడకు మందపాటి గుడ్డతో కుట్టిన సంచుల వరస. ఒక్కో సంచికి ఒక్కో నెంబరు. ప్రతి సంచిలో ఒక ఫోన్.

ఫోన్ పక్కనుంటే చదువు సాగదని ఆ పిల్లలు తమకు తామే పెట్టుకున్న నియమం అది. పొద్దున వచ్చి ఫోన్ సంచిలో వేసి పైకి వెళ్తారు. ఇంటికి వెళ్లేటప్పుడే మళ్లీ తీసుకుంటారు. ఆ సంచులు కుట్టింది, కాపలా కాసేది యాదమ్మ. అరవైకి దగ్గర వయసు. రెండు మోకాళ్లూ వాచి ఉన్నాయి. ఎవరి అమ్మ ఫోన్ చేసినా ఎత్తి, మీ బిడ్డ చదువుకుంటోంది, అన్నం తిన్నది అని జవాబు చెప్పేది ఆమే. పిల్లలంతా ఆమెను అక్కా అంటారు.

నేను ఎవరినో చెప్పాను. ఈసారి ఏం ముట్టకుండా, ఏం అడగకుండా, ఆమె పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. కాసేపటికి ఆమే చెప్పడం మొదలుపెట్టింది.

హాస్టల్ గదిలో నాలుగు మంచాలే తప్ప బల్ల లేదు. అందుకని సంధ్య ల్యాప్‌టాప్ పెట్టుకుని స్టడీ హాల్లోనే మా పని చేసేది. ఫోన్ మాత్రం కింద సంచిలో. నా నియమం పుణ్యమా అని అరగంటకోసారి పరుగున కిందికి వచ్చి, పచ్చ బటన్ నొక్కి, మళ్లీ పైకి. పనిచేసే నాలుగు గంటలూ అదే వరస. చూసి చూసి యాదమ్మకు కడుపు తరుక్కుపోయింది. నువ్వు దిగకు, మోగినప్పుడల్లా నేనే నొక్కుతానని చెప్పింది. మొదట సంధ్య వద్దంది. జ్వరం వచ్చిన ఒక రోజు సరేనంది. ఆ తరువాత అది అలవాటైంది. ఆదివారం పైన మాక్ టెస్టు జరుగుతుంటే ఫోన్ మూడుసార్లు మోగింది. పిల్ల పని ఎక్కడ ఆగిపోతుందోనని నాలుగోసారి నొక్కేసింది.

ఆ రోజు లోపలికి వచ్చింది ఎవరో దొంగ అని నేను చెప్పగానే యాదమ్మ మొహం వాడిపోయింది. బల్ల అంచు పట్టుకుంది.

"నా మీద రాయుండ్రి సార్. పిల్ల మీద రాయకుండ్రి. నాకు చదువు రాదు, పచ్చరంగు చూసి నొక్కిన" అంది.

సంధ్యను పిలిపించింది. సన్నగా, జడ బిగించి అల్లుకుని, వేళ్లకు ఇంకు మరకలతో వచ్చింది. ఏడవలేదు, సాకులు చెప్పలేదు. ప్రశ్నపత్రాలు అమ్మే ఏదో వెబ్‌సైటులోనూ ఇదే పాస్‌వర్డు పెట్టినట్టు తనే చెప్పింది. దొంగకు అక్కడే దొరికి ఉంటుంది.

"తప్పు నాదే సార్. సంతకం వెట్టిన గద. కానీ అక్కను ఏమనకుండ్రి. ఈ పని పోతే ఊరికి పోత. పరీక్ష మూడు నెల్లే ఉన్నది, అక్కడ్నే చదువుకుంట" అంది.

ఊళ్లో చదువు సాగితే ఇక్కడికి ఎందుకు వస్తుంది? ఇద్దరూ ఒకరి తప్పు ఒకరు మీదేసుకుంటుంటే, అసలు తప్పు చేసిన నేను ఆ ఇద్దరి మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. లేచి, మెట్లెక్కి స్టడీ హాల్ చూసి వచ్చాను. నలభై రెండు మెట్లు. ఎక్కేసరికి నాకే ఆయాసం వచ్చింది.

తప్పు ఎవరిదని రాయాలి

ఉద్యోగంలో చాలా నివేదికలు రాశాను. అన్నింటిలోకీ చిన్నది ఆ రోజు రాసినదే. ఫోన్ దగ్గర లేని మనిషికి ఫోన్ ప్రశ్న పెట్టాను. అరగంటకోసారి అడిగి ఆ ప్రశ్నకు విలువ లేకుండా చేశాను. చదవరని తెలిసిన భాషలో నియమం రాశాను. ఈ మూడు పనులూ నావి. మేడం చదివి కాగితం బల్ల మీద పెట్టారు.

"రిటైరయ్యే ముంగట ఇట్ల రాసుకుంటరా ఎవరైనా?" అన్నారు.

నిజం అదే మేడం అన్నాను. ఆవిడ పది రోజులు గడువిచ్చారు. ఫోన్ అవసరం లేని పద్ధతి తెప్పించమన్నారు. అది వచ్చేలోగా ఎవరికీ చెప్పకుండా, ఎవరూ లోపలికి రాకుండానే ఒక దొంగ ప్రశ్న అందరికీ పంపి, ఎవరు కాదంటారో చూడమన్నారు. సంధ్య ఫోన్ నుంచి మళ్లీ అవును అని వస్తే ఇక తను వినేది లేదన్నారు.

ఫోన్ అవసరం లేని పద్ధతి ఒకటుంది. తాళంచెవి అంత చిన్న పరికరం. ల్యాప్‌టాప్‌కు గుచ్చి, వేలితో తాకితే చాలు. వాటికి ఆర్డరు పెట్టాను. అరగంట నియమం తీసేసి, రోజుకు ఒక్కసారే అడిగేలా మార్చాను. పని మొదలుపెట్టేటప్పుడు సంధ్య తనే కిందికి వచ్చి నొక్కి వెళ్తుంది. పాస్‌వర్డు మార్పించాను. నియమాల కాగితం తెలుగులో నాలుగు వాక్యాలకు కుదించాను. అది యాదమ్మకు కూడా చదివి వినిపించాను. నువ్వు పచ్చది నొక్కకూడదు, ఆ ప్రశ్నకు జవాబు సంధ్యకు మాత్రమే తెలుసు అని చెప్పాను. తల ఊపింది. ఎంతవరకు అర్థమైందో నాకు తెలియలేదు.

దొంగ ప్రశ్న పంపుతున్నామని వాళ్లకు ముందే ఒక మాట చెవిన వేయాలని నాకు ఎంత అనిపించిందో చెప్పలేను. చెప్పలేదు. చెబితే అది పరీక్ష కాదు.

నాలుగు నిమిషాలు

గురువారం పొద్దున పదకొండింటికి పంపాను. ఆ టైములో సంధ్య మా పనిలో ఉండదు, పైన చదువుకుంటూ ఉంటుంది. నా తెర మీద పేర్ల వరస. జవాబు రాగానే పేరు పక్కన ఒక మాట పడుతుంది. కొన్ని సెకన్లలోనే కాదు, కాదు అని రావడం మొదలైంది. మధ్యలో ఒకచోట అవును అని పడింది. చూస్తే పద్మజ మేడం.

సంధ్య పేరు పక్కన ఖాళీ. ఒక నిమిషం. రెండు నిమిషాలు. మిగతా వరసంతా నిండిపోయింది. ఆ ఒక్క గడి తెల్లగా ఉంది. గుడ్డ సంచిలో ఫోన్ మోగుతోంది, పచ్చ బటన్ ఎదురుగా ఉంది, ఆ పెద్దామె మనసు నాకు తెలుసు. మూడు నిమిషాలు. నాలుగు నిమిషాలు దాటాక మాట పడింది: కాదు.

కాగితం తీసుకుని మేడం దగ్గరికి వెళ్లాను. ఆవిడ సంధ్య పేరు చూశారు. ఆ తరువాత తన పేరు చూసుకున్నారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"మీటింగుల ఉండి చూడకుండ నొక్కిన. మరి నన్ను గూడ తీసేస్తవా సుధాకర్?" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. సంధ్య ఉద్యోగం మాట మళ్లీ ఎత్తలేదు.

సాయంత్రం అశోక్‌నగర్ వెళ్లాను. యాదమ్మ మోకాళ్లకు నూనె రాసుకుంటోంది. పొద్దున ఫోన్ మోగిందా అని మాత్రం అడిగాను. మోగిందట. ఫోన్ పైకి తీసుకుపోకూడదు కాబట్టి బల్ల మీదే పెట్టి, గోడ పట్టుకుని మెట్లెక్కిందట. సంధ్య కుర్చీ దగ్గరికి వెళ్లి, పక్క పిల్లలకు ఇబ్బంది కాకుండా చెవిలో అడిగిందట.

"అది నువ్వేనా బిడ్డా అన్న. నేను గాదక్కా, ఎర్రది నొక్కు అన్నది. దిగొచ్చి నొక్కిన. ఆల్షెం అయిందా సార్?" అంది.

నా నియమం ప్రకారం అది కూడా తప్పే. ఫోన్ ఇంకొకరి చేతిలో ఉంది, బటన్ ఇంకొకరు నొక్కారు. ఆ సంగతి నాకు తెలుసు. లేదమ్మా, ఆలస్యం ఏం కాలేదు అని చెప్పి బయటికి వచ్చేశాను. నారాయణగూడ దాకా నడుస్తూనే కళ్లు తుడుచుకున్నాను.

చిన్న పరికరాలు తరువాతి వారం వచ్చాయి. సంధ్యకు ఇచ్చినదానికి యాదమ్మ సంచుల గుడ్డతోనే ఒక తాడు కుట్టి మెడలో వేసింది. సంధ్య పరీక్ష రాసింది. ఫలితాలు ఇంకా రాలేదు. సర్కారు పరీక్షల ఫలితాల కోసం నెలలూ ఏళ్లూ ఎదురుచూడడం ఆ వీధుల్లో ఉండేవాళ్లకు వింత కాదు.

కొత్తగా వచ్చే పిల్లలకు ఒక మాట. మీ తెర మీద మనుషులు కనపడరు, పేర్లు, సమయాలు కనపడతాయి. ఆ వరసలో ఎవరి జవాబైనా ఆలస్యంగా వస్తే, ముందు కుర్చీ తీసుకుని అక్కడికి వెళ్లండి. ఆ గురువారం లెక్క ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందరి జవాబులూ సెకన్లలో ఉన్నాయి. ఒక్క జవాబు మాత్రం నాలుగు నిమిషాలు. వాచిన మోకాళ్లతో నలభై రెండు మెట్లు పైకి, ఒక ప్రశ్న, మళ్లీ నలభై రెండు మెట్లు కిందికి.